సిరక్యూసును కాచిన ఆర్కిమిడీసు

మధ్యధరా సముద్రమున, ఇటలీ దేశపు దక్షిణపు కొసకు చేరువగా, సిసిలీ యను పెద్ద ద్వీపము కలదు. దాని తూర్పు తీరమున సిరక్యూసు అను నగరమున్నది. పూర్వము గ్రీకులు స్వదేశమును విడిచి వచ్చి కట్టుకొనిన వలస నగరములలో అది మిక్కిలి సంపన్నమైనది. ఓడలకు అనువైన రేవులు, దృఢమైన ప్రాకారములు, చక్కగా పండు భూములు ఆ నగరమునకు కలిమిని కూర్చినవి. ఆ కలిమియే దానికి కష్టమును గూడ తెచ్చినది. ఒకవైపు రోము, మరియొకవైపు ఆఫ్రికా తీరమందలి కార్తేజి, ఈ రెండు బలమైన రాజ్యములును సిసిలీ కొరకు పోరాడుచుండెను. వాని నడుమ సిరక్యూసు రెండు మదపుటేనుగుల మధ్య చిక్కిన చెఱకు తోట వలె నుండెను.

ఆ నగరముననే క్రీ. పూ. 287 ప్రాంతమున ఆర్కిమిడీసు జన్మించెను. అతని తండ్రి ఫిడియాసు ఖగోళ శాస్త్రజ్ఞుడు. సూర్యుని వ్యాసము చంద్రుని వ్యాసమునకు ఎన్ని రెట్లుండునో కనుగొన యత్నించినవాడు. తండ్రి వ్యాసంగము కుమారునకు సంక్రమించెను. ఇతరులు ఆకసమును చూచి ఆశ్చర్యపడి ఊరకుండుచుండగా, ఈ బాలుడు దానిని కొలుచుట ఎట్లని ఆలోచించు ఇంటిలో పెరిగెను.

ఆ కాలమున విద్యకు పేరు వడసిన పట్టణము ఈజిప్టు దేశమందలి అలెగ్జాండ్రియా. ఆర్కిమిడీసు యౌవనమున అచ్చటికి పోయి విద్య నభ్యసించెనని చెప్పుదురు. అచ్చటి పండితులలో కోనను అను ఖగోళ శాస్త్రజ్ఞుడు అతనికి ప్రియమిత్రుడు. ఎండలో పడు నీడలను బట్టి భూగోళపు చుట్టుకొలతను లెక్కించిన ఎరటోస్తనీసు మరియొక మిత్రుడు. తరువాతి కాలమున ఆర్కిమిడీసు తాను క్రొత్తగా కనుగొనిన గణిత సత్యములను ఆ పట్టణపు పండితులకు లేఖల రూపమున పంపుచుండెడివాడు. పల్లమందలి నీటిని మెరకకు ఎక్కించు మరచుట్టు గొట్టమునకు నేటికిని అతని పేరే కలదు. మన పల్లెలలో ఏతము చేయు పనిని ఆ గొట్టము త్రిప్పుట చేతనే చేయును.

స్వనగరమునకు తిరిగి వచ్చిన పిమ్మట అతడు హైరో రాజునకు ఆప్తుడయ్యెను. ఈ రాజు వివేకవంతుడు. క్రీ. పూ. 263లో రోమనులతో సంధి చేసికొని, ఇంచుమించు ఐదు దశాబ్దములు తన నగరమును యుద్ధపు వాత పడకుండ కాపాడెను. బంగారు కిరీటము కథ ఈ రాజునకు సంబంధించినదే. కంసాలి కిరీటమున వెండిని కలిపెనని రాజునకు అనుమానము కలిగెను. కిరీటమును చెరపకుండ సత్యమును తేల్చుమని అతడు ఆర్కిమిడీసును కోరెను. స్నానపు తొట్టిలో దిగినప్పుడు నీరు పొరలిపోవుట చూచి ఆర్కిమిడీసునకు ఉపాయము తోచెను. ఒకే బరువు గల బంగారము, వెండి నీట ముంచినప్పుడు తొలగించు నీరు సమానముగ నుండదు. ఆ ఆనందమున అతడు ఒడలు మరచి వీధిలోనికి పరుగెత్తెనని కథకులు చెప్పుదురు. కథ ఎట్లున్నను, నీట తేలు వస్తువులను గూర్చి అతడు వ్రాసిన గ్రంథము నేటి నౌకా నిర్మాణమునకు సైతము మూలాధారమై యున్నది.

మోకులు, కప్పీలు, మీటలు చేయు మేలును అతడు బాగుగా ఎరిగినవాడు. మూడు తెరచాప కొయ్యలు గల ఒక పెద్ద ఓడను, సరకుతోను జనముతోను నింపి, తానొక్కడే కూర్చుండి కప్పీల సాయమున మెల్లగా లాగి చూపెనని ప్లూటార్కు అను చరిత్రకారుడు వ్రాసెను. రాజు ఆశ్చర్యపడి, ఈ విద్యనే నగర రక్షణకు వినియోగింపుమని కోరెను. ఆర్కిమిడీసునకు యంత్రములపై అంతటి మక్కువ లేదు. గోళము, దానిని చుట్టియుండు స్తూపము, వృత్తము, వాని పరస్పర నిష్పత్తులు, ఇవియే అతనికి ప్రియమైన వస్తువులు. అయినను రాజు మాటను కాదనలేదు. పెక్కు విధములైన యంత్రములను నిర్మించి ఆయుధశాల యందు చేర్చెను. శాంతికాలమున అవి ఏండ్ల తరబడి పనిలేక పడియుండెను.

ఆర్కిమిడీసు రచనలలో ఇసుక రేణువుల లెక్క యనునది ఒకటి కలదు. దానిని అతడు హైరో రాజు కుమారుడైన గెలోనునకు అంకితముగ వ్రాసెను. విశ్వమంతయు నింపుటకు ఎన్ని ఇసుక రేణువులు కావలయునో అందు లెక్కించెను. ఆ లెక్కకు సూర్యబింబము మన కంటికి ఎంత కోణమున కనబడునో తెలియవలెను. అందులకై అతడు ఉదయవేళ ఒక పొడవైన బద్దను సూర్యుని వైపునకు నిలిపి, దానిపై చిన్న గుండ్రని కడ్డీ నొకదానిని ముందునకును వెనుకకును జరుపుచు, అది సూర్యుని పూర్తిగా మరుగుపరచు చోటును, అంచులు కనబడు చోటును గుర్తించెను. లంబకోణమును 200 భాగములు చేసిన అందొక భాగము కంటె ఎక్కువగను, 164 భాగములు చేసిన అందొక భాగము కంటె తక్కువగను సూర్యబింబము కనబడునని తేల్చెను. నేటి లెక్క ప్రకారము అది ఇంచుమించు అర డిగ్రీ. దూరదర్శిని లేని కాలమున ఇంత సరిగా కొలుచుట సామాన్యము కాదు. ఈ అర డిగ్రీని పాఠకులు గుర్తుంచుకొనవలయును. దీనితో మరల పని కలదు.

క్రీ. పూ. 215లో హైరో రాజు మరణించెను. అప్పుడు కార్తేజి సేనాని హానిబలు ఇటలీలో ప్రవేశించి రోమనులను గడగడలాడించుచుండెను. హైరో మనుమడు పదునైదేండ్ల బాలుడు. రాజ్యమునకు వచ్చినంతనే తాతగారి నీతిని విడిచి కార్తేజి వైపు మొగ్గెను. ఆ బాలుడు హత్యకు గురియయ్యెను. నగరము కార్తేజి పక్షమువారి వశమయ్యెను. రోమనులు ఈ మార్పును సహింపలేదు. మార్సెల్లసు అను సేనాని 60 పెద్ద యుద్ధనౌకలతో సముద్రము వైపునను, అప్పియసు అను మరియొకడు భూమి వైపునను నగరమును ముట్టడించిరి. ఐదు దినములలో సన్నాహములు ముగించి, కోట తేలికగా లొంగునని వారు తలంచిరి. అప్పటికి ఆర్కిమిడీసు డెబ్బది దాటిన వృద్ధుడు.

మార్సెల్లసు 8 నౌకలను రెండేసి చొప్పున జతపరచి, వానిపై ఎత్తైన నిచ్చెనలను అమర్చి, కోటగోడను ఎక్కుటకు యత్నించెను. నౌకలు దూరముననే యుండగా పెద్ద యంత్రములు రాళ్ళను విసరినవి. నౌకలు దగ్గరకు వచ్చి, రాళ్ళు తలలమీదుగా పోవుచుండినప్పుడు, తక్కువ దూరము విసరు చిన్న యంత్రములు పని మొదలిడినవి. ఇంకను దగ్గరకు వచ్చినవారికి గోడలో మనిషి ఎత్తున తొలిచిన అరచేతి వెడల్పు గల రంధ్రముల నుండి బాణములు తగిలినవి. ఇట్లు దూరమును భాగములుగ విభజించి, ఒక్కొక్క భాగమునకు తగిన యంత్రమును ఆర్కిమిడీసు ముందుగనే ఏర్పరచి యుంచెను. ఎంత దూరమునకు ఏ యంత్రము అను లెక్కయే ఆ కోటకు నిజమైన ప్రాకారము.

నిచ్చెనలు గల నౌకలు గోడ దాపునకు రాగా, ప్రాకారము మీదినుండి దూలములు వెలుపలికి సాగి, 250 కిలోగ్రాములకు మించిన రాళ్ళను వానిపై జారవిడిచినవి. మరికొన్ని దూలములకు గొలుసులతో ఇనుప గోళ్ళు వ్రేలాడుచుండెను. ఆ గోరు నౌక ముందు భాగమును పట్టుకొనగానే లోపలివారు దూలము రెండవ కొసను క్రిందికి అణచెడివారు. ఏతపు కొయ్యకు నీటిచాలు లేచినట్లు నౌక ముక్కు పైకి లేచెడిది. పిమ్మట ఒక్కసారిగా వదలగా నౌక ప్రక్కకు ఒరిగి నీట మునిగెడిది. మార్సెల్లసు వేరొక ఉపాయము పన్ని, రాత్రివేళ గోడ క్రిందికి చేరినచో దూరపు యంత్రములు పనికిరావని తలంచెను. రంధ్రముల వెనుక నున్నవారు చీకటిలో సైతము వారిని విడువలేదు. తుదకు రోమను సైనికులు గోడపై ఒక త్రాటి ముక్కయో కొయ్య ముక్కయో కనబడినను ఆర్కిమిడీసు యంత్రమే అని భయపడి వెనుకకు పరుగెత్తుచుండిరని ప్లూటార్కు వ్రాసెను. మార్సెల్లసు పోరాటమును మాని, ఆహారము లోపలికి పోకుండ నగరమును చుట్టుముట్టి కూర్చుండెను.

మాసములు గడచెను. ఒకనాడు బందీ విడుదలను గూర్చి మాటలాడుటకు ఇరుపక్షములవారు కోట బురుజు నొకదాని చెంత కలిసికొనిరి. అప్పుడు రోమనులలో నొకడు ఆ గోడ రాళ్ళను వరుసలుగా లెక్కించెను. రాళ్ళన్నియు ఒకే ఎత్తున చెక్కినవి. ఒక రాతి ఎత్తును వరుసల సంఖ్యచే హెచ్చింపగా గోడ ఎత్తు తెలిసెను. అది తాము అనుకొనినంత ఎత్తు కాదు, నిచ్చెనకు అందునది. కొంతకాలమునకు, ఆర్టెమిసు దేవి ఉత్సవమున నగరవాసులు మూడు దినములు పానోత్సవమున నుందురని ఒక ఫిరాయింపుదారు తెలిపెను. క్రీ. పూ. 212లో ఒక రాత్రి, కావలివారు త్రాగి నిద్రించుచుండగా, రోమనులు సరియైన కొలత గల నిచ్చెనలతో గోడనెక్కిరి. ఏ విద్య సిరక్యూసును ఇంతకాలము కాపాడెనో ఆ విద్యయే, అనగా కొలతయే, శత్రువు చేత చిక్కి దానిని పడద్రోసెను.

లోపలి పేటలు మరికొన్ని మాసములు నిలిచి, తుదకు ద్రోహము వలన లొంగినవి. దోపిడి జరుగుచుండగా ఆర్కిమిడీసు నేలపై గీచిన రేఖాచిత్రమును చూచుచు ఆలోచనలో మునిగి యుండెనట. తన లెక్క పూర్తియగువరకు కదలనన్న వృద్ధుని ఒక సైనికుడు కత్తితో నరికెనని చెప్పుదురు. మార్సెల్లసు ఆ వార్త విని మిక్కిలి విచారించెను. అతని బంధువులను ఆదరించి, సగౌరవముగ సమాధి చేయించెను. ఆర్కిమిడీసు కోరిక ప్రకారము ఆ సమాధిపై యంత్రము గాని ఆయుధము గాని చెక్కబడలేదు. ఒక స్తూపము, దానిలో ఇమిడిన ఒక గోళము మాత్రమే చెక్కబడినవి. గోళపు ఘనపరిమాణము స్తూపపు ఘనపరిమాణమున మూడింట రెండు వంతులని కనుగొనుటయే తన జీవితమున గొప్ప పని యని అతడు తలంచెను. క్రీ. పూ. 75లో సిసిలీకి అధికారిగా వచ్చిన సిసెరో ఆ సమాధిని వెదకగా, స్థానికులు దాని యునికినే మరచి యుండిరి. ముండ్లపొదల నడుమ గోళమును స్తూపమును చూచి అతడు దానిని గుర్తుపట్టెను.

సమాధిని మరచిన లోకము ఆర్కిమిడీసు పేరిట ఒక క్రొత్త కథను మాత్రము పెంచుకొనెను. అతడు అద్దములతో సూర్యకిరణములను ఒకచోట చేర్చి, రోమను నౌకలను దూరమునుండియే కాల్చివేసెనని ఆ కథ. భూతద్దముతో ఎండను కాగితముపై కూర్చి కాల్చిన బాలురకు ఈ కథ నమ్మదగినదిగనే తోచును. అయినను ముట్టడి జరిగిన కొన్ని దశాబ్దములకు దానిని వివరముగ వ్రాసిన పాలీబియసు అద్దముల మాటయే ఎత్తలేదు. లివీ గాని ప్లూటార్కు గాని ఎత్తలేదు. రాళ్ళను, గోళ్ళను, రంధ్రములను ఇంత శ్రద్ధతో వర్ణించినవారు మండిన నౌకలను మరచిరనుట పొసగదు. నౌకలు కాలెనన్న మాట క్రీ. శ. రెండవ శతాబ్దమున లూషియను రచనలో కనబడును. అద్దముల విచారణ ఆరవ శతాబ్దమున, కాన్‌స్టాంటినోపిలు నగరమందలి సుప్రసిద్ధ దేవాలయమును నిర్మించిన శిల్పులలో ఒకడైన ఆంథీమియసు గ్రంథమున కలదు.

కథ పాతదే అయినను, దానిలోని ప్రశ్న పాతబడలేదు. వెలుగును ఆయుధముగ చేసి ఓడలతో పోరాడుట సాధ్యమా? పదునేడవ శతాబ్దమున డెకార్టె అను ఫ్రెంచి తత్త్వవేత్త అసాధ్యమనెను. 1747లో బ్యుఫాను అను మరియొక ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు వాదమును మాని ప్రయోగమునకు దిగెను. 128 చదునైన అద్దములను ఒకే చోటికి త్రిప్పి, 150 అడుగుల దూరమున తారు పూసిన కొయ్యపలకను మండించెను. 1973లో గ్రీసు దేశమున సక్కాసు అను ఇంజనీరు నావికుల చేతికి సుమారు 70 పెద్ద అద్దములను ఇచ్చి, 50 మీటర్ల దూరమందలి నౌక నమూనాను కాల్పించెను. 2005లో అమెరికాలోని మసాచుసెట్స్ సాంకేతిక విద్యాసంస్థ విద్యార్థులు 127 అద్దములతో 30 మీటర్ల దూరమున కదలక నిలిచిన నమూనాను మండించిరి. ఆకసము నిర్మలముగ నున్నను వారికి కొన్ని నిమిషములు పట్టెను. నీటిపై నిలిపిన పాత పడవ మీద చేసిన మరియొక యత్నము అంతగా ఫలింపలేదు.

ఈ ప్రయోగముల ఫలితము లెక్క వలన సులభముగ బోధపడును. నడిమింటి ఎండ ఒక చదరపు మీటరుపై సుమారు 1 కిలోవాటు శక్తిని కురియును. ఒక్కొక్క చదరపు మీటరు గల 100 అద్దములను ఒకే నౌకపైకి త్రిప్పినచో, నష్టము లేదని భావించిన పక్షమున, 100 కిలోవాట్లు చేరవలెను. ఇది చిన్న శక్తి కాదు. అయితే సూర్యుడు చుక్క కాదు, అర డిగ్రీ వెడల్పు గల బింబము. ఆర్కిమిడీసు బద్దతో కొలిచిన కోణము ఇదియే. ఆ కోణము వలన చదునైన అద్దము నుండి వెడలిన వెలుగు 100 మీటర్ల దూరము పోవునప్పటికి ఇంచుమించు 90 సెంటీమీటర్లు అదనముగ వెడల్పగును. ఒక చదరపు మీటరు వెలుగు మూడున్నర చదరపు మీటర్లపై పరచుకొనును. అనగా 100 అద్దములు కలిసినను ఎండకు 30 రెట్ల వేడి గూడ పుట్టదు. కంచు అద్దము అందును కొంత మ్రింగివేయును. కదలని ఎండుకొయ్యకు ఆ వేడి చాలవచ్చును. అలలపై ఊగుచు, నీట తడిసి, తెడ్లతో కదలు నౌకకు చాలదు. పైగా సిరక్యూసు సముద్రము తూర్పున నున్నది. ఉదయమున తప్ప ఎండ అనుకూలింపదు. మార్సెల్లసు రాత్రి వచ్చినప్పుడు అద్దములు చేయగలది ఏమియు లేదు. సూర్యబింబమును కొలిచినవానికి ఇది తెలియని సంగతి కాదు. కనుకనే అతడు రాళ్ళను, మీటలను నమ్ముకొనియుండును.

సూర్యుని వలె వ్యాపింపని వెలుగు దొరికినచో లెక్క మారును. అట్టి వెలుగు దొరకుటకు ఆర్కిమిడీసు పిమ్మట రెండు వేల సంవత్సరములకు పైగా పట్టినది. 1917లో ఐన్‌స్టీను ఒక సూత్రమును కనుగొనెను. ఉత్తేజము పొందిన అణువును తగిన వెలుగు తాకినప్పుడు, దానితో సరిగా అడుగు కలుపు మరియొక వెలుగు పుట్టునని దాని సారము. ఆ సూత్రము ననుసరించి 1960 మే 16న అమెరికాలో మైమను అను శాస్త్రజ్ఞుడు కెంపు కడ్డీ నుండి మొదటి లేజరు కిరణమును వెలువరించెను. దీపపు వెలుగు జాతరలోని జనము వలె అన్ని దిక్కులకు పోవును. లేజరు వెలుగు కవాతు చేయు సైన్యము వలె ఒకే దారిని, ఒకే అడుగుతో పోవును. అందుచేత అది దూరము పోయినను ఎక్కువ వ్యాపింపదు. 30 కిలోవాట్ల లేజరును పది సెంటీమీటర్ల చదరముపై నిలిపితిమనుకొందము. అచ్చట కలుగు వేడి ఎండకు 3,000 రెట్లు. వంద అద్దముల కంటె ఇది నూరు రెట్లు అధికము.

ఇట్టి యంత్రమును 2014లో అమెరికా నౌకాదళము పాన్స్ అను నౌకపై అమర్చి, పర్షియా సింధుశాఖలో పరీక్షించెను. అది 30 కిలోవాట్ల తరగతికి చెందినది. చిన్న పడవపై నుంచిన లక్ష్యములను, మనిషి లేకుండ ఎగురు డ్రోనును అది కొట్టెను. 2020లో పోర్ట్‌లాండ్ అను నౌక అంతకంటె బలమైన లేజరుతో పసిఫిక్ సముద్రమున మరియొక డ్రోనును పడగొట్టెను. 2024 జనవరిలో బ్రిటను దేశము కూడ తన లేజరుతో గగన లక్ష్యములను కొట్టి చూపెను. దీనికి ఒక గొప్ప ప్రయోజనము కలదు. 2023 చివరి నుండి ఎర్ర సముద్రమున నౌకలు చౌకబారు డ్రోనులను పడగొట్టుటకు లక్షల డాలర్ల వెల గల క్షిపణులను ఖర్చు చేయవలసి వచ్చెను. పిచ్చుకపై బ్రహ్మాస్త్రమును వేయుట అన్న మాట అచ్చట నిజమయ్యెను. క్షిపణులు అయిపోయినచో నౌక రేవునకు పోవలెను. లేజరుకు కావలసినది విద్యుచ్ఛక్తి మాత్రమే. బ్రిటను లెక్క ప్రకారము ఒక్క ప్రయోగమునకు అగు ఖర్చు పది పౌనులు. నౌక యంత్రములు తిరుగుచున్నంత కాలము అమ్ములపొది ఖాళీ కాదు.

అయినను ఇది సర్వరోగములకు మందు కాదు. సముద్రముపై గాలి తడిసి, ఉప్పుతో నిండి యుండును. మంచు, వాన, పొగ కిరణమును చెదరగొట్టును. వేడెక్కిన గాలి కిరణమును వంచి వెడల్పు చేయును. కిరణము తిన్ననిది గావున దిక్చక్రమునకు ఆవల నున్న శత్రువు దానికి కనబడడు. లేజరు యంత్రము గ్రహించిన విద్యుచ్ఛక్తిలో పెద్ద భాగము వేడిగ మారును. ఆ వేడిని తొలగించుటకు నౌకలో చల్లార్చు యంత్రములు వేరుగ కావలెను. అన్నిటికంటె ముఖ్యమైనది కాలము. కిరణము లక్ష్యమును తాకినంతనే అది పడిపోదు. ఒకే చోట కొన్ని క్షణములు నిలిచిననే లోహము కరగును. సెకనుకు 300 మీటర్లు పోవు క్షిపణి 5 కిలోమీటర్ల దూరమును 17 సెకనులలో దాటును. ఒక్కొక్కదానికి 5 సెకనులు పట్టినచో ఒక లేజరు మూడింటిని మాత్రమే ఆపగలదు. నాలుగవది నౌకను తాకును. కనుక నేటి నౌకలలో లేజరు ఒంటరిగా నుండదు. దూరపు శత్రువునకు క్షిపణులు, దగ్గరివారికి ఫిరంగులు, చిన్న డ్రోనులకు, పడవలకు లేజరు, ఇట్లు దూరమును భాగించి ఆయుధములను పంచుదురు. సిరక్యూసు ప్రాకారముపై వృద్ధుడైన ఆర్కిమిడీసు చేసిన ఏర్పాటు ఇదియే.

ఈ విద్య మన దేశమునకును వచ్చినది. 2025 ఏప్రిల్ 13న కర్నూలు చెంత నున్న రక్షణ పరిశోధన సంస్థ పరీక్షా క్షేత్రమున 30 కిలోవాట్ల లేజరు డ్రోనులను పడగొట్టెను. దానిని నిర్మించుటలో హైదరాబాదులోని పరిశోధనాలయము ప్రధాన పాత్ర వహించెను. అది నేలపై వాహనమున అమర్చినది. తేమ, ఉప్పు, అలల ఊపు గల సముద్రమునకు తగినట్లు అట్టి యంత్రములను తీర్చుట శాస్త్రజ్ఞుల ముందున్న మరియొక పరీక్ష.

ఆర్కిమిడీసు నౌకలను వెలుగుతో కాల్చలేదు. అట్లు చెప్పుట వలన అతని కీర్తి తగ్గదు. అద్భుతమును నమ్ముట సులభము, కొలిచి చూచుట కష్టము. అతడు జీవితమంతయు ఆ కష్టమునే ఎన్నుకొనెను. అతని యంత్రములు ఎంత దూరము పనిచేయునో, ఎచ్చట పనిచేయవో అతడు ఎరుగును. ఆ యెరుక వలననే ఒక చిన్న నగరము మహాసైన్యము నెదుట నిలువగలిగెను. అట్టి నగరము తుదకు యంత్రము చెడుట వలన పడలేదు, కావలివారు ఏమరుట వలన పడెను. ఎంతటి ఆయుధమైనను దాని హద్దులను తెలిసి, మెలకువతో నుండు మనుష్యుల చేతనే రక్షణ యగును. గోడ రాళ్ళను లెక్కించిన ఆ పేరులేని రోమను సైనికుడు లోకమునకు నేర్పిన పాఠమును సిరక్యూసువారు ఒక్కరాత్రి మరచిరి. ఆర్కిమిడీసు మాత్రము కత్తి మీదికి వచ్చిన క్షణమున గూడ తన లెక్కను మరువలేదు.